ఎన్ని మార్కుల ప్రశ్న?

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీర మార్చుకోలేదు, విజయవాడ నుంచి మా తమ్ముడి భార్య ఫోను చేసింది. వాళ్ల అమ్మాయి ఆరో తరగతి. మంచి పిల్ల, కానీ ఈ మధ్య స్కూలు బస్సు హారను వినబడితే చాలు కడుపునొప్పి అంటోందట. డాక్టరు చూసి కడుపులో ఏమీ లేదన్నాడట. "అందుకని వదినా, స్కూలు మాన్పించి ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నామండీ. హోమ్ స్కూలింగ్ అంటున్నారు కదా ఇప్పుడు. ఇంట్లో చదివే పిల్లలకే మార్కులు ఎక్కువ వస్తాయని ఫోన్లో ఎవరో చెప్తుంటే విన్నాను. మీరు కూడా చిన్నప్పుడు అలాగే చదివారంట కదా. ఇంతకీ మీకు టెన్త్‌లో ఎన్నొచ్చాయి వదినా?" అంది. నాకు నవ్వొచ్చింది. కోపం వచ్చినప్పుడు ముందు నవ్వు రావడం మా ఇంటి ఆడవాళ్లకి వంశపారంపర్యంగా ఉన్న జబ్బు. "ఈ ప్రశ్న ఒకప్పుడు బందరంతా అడిగిందమ్మా. ఎవ్వరికీ చెప్పలేదు. నీకు మాత్రం ఎందుకు చెప్తాను?" అన్నాను. ఆ అమ్మాయి నేను హాస్యమాడుతున్నాననుకుని తనూ నవ్వేసి, సాయంత్రం మళ్లీ చేస్తానంది.

హోమ్ స్కూలింగ్! పేరు వినడానికి ఎంత బాగుంది! మా కాలంలో దానికి పేరు లేదు. "పిల్లని ఇంట్లో కూర్చోబెట్టారు" అనేవారు, అంతే. ఆ మాట పరీక్ష తప్పిన పిల్లల గురించీ, పెళ్లి కుదిరిన పిల్లల గురించీ అనేవారు. నాకు ఆ రెండూ జరగలేదు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు. ఎందుకు కూర్చోబెట్టిందో చెప్పాలంటే ముందు గుడివాడ వెళ్లాలి.

తొంభైల్లో మా వైపు పిల్లాడు తెలివైనవాడని అనుమానం వస్తే చాలు, ట్రంకుపెట్టె కొని గుడివాడలో ఏదో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో పడేసేవారు. పదకొండో ఏట నన్నూ పడేశారు. పేరు చెప్పను, ఇప్పుడా స్కూలు లేదు, ఆ ఆవరణలో కల్యాణ మండపం ఉంది. మా చిన్నత్త అక్కడే లెక్కల టీచరు కాబట్టి మేనకోడల్ని కళ్లలో పెట్టుకుని చూస్తుందని నాన్న ధైర్యం. ఆవిడ చూసింది కూడా. అయితే ఆ స్కూల్లో ఎవరు ఎవర్ని ఎలా చూడాలన్నది మార్కులు తేల్చేవి. ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం పొద్దున్నే సెక్షన్లు మారేవి. మొదటి ర్యాంకులు ఏ సెక్షను, చివరివాళ్లు డి సెక్షను. క్లాసులోనే కాదు, అన్నాల దగ్గరా అదే వరస. ఏ సెక్షను ముందు తినాలి, డి సెక్షను చివర తినాలి. మా వంతు వచ్చేసరికి సాంబారు గంగాజలమంత స్వచ్ఛంగా ఉండేది. మా వంతు అంటున్నాను కదా, అర్థమైపోయుంటుంది నేనెక్కడ ఉండేదాన్నో. లెక్కల పేపరు దిద్ది నన్ను డి సెక్షనుకి పంపే మనిషి చిన్నత్తే. సోమవారాలు ఆవిడ నా వైపు చూసేది కాదు. నేనూ చూసేదాన్ని కాదు.

బందరులో మా ఎదురింటి మావయ్యగారి అబ్బాయి కూడా అదే స్కూలు, ఎప్పుడూ ఏ సెక్షనే. వాడి మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. కొందరికి పరుగు పందెం నిజంగానే ఇష్టం. వాడు ఆదివారం పరీక్ష కోసం శనివారం నుంచీ ఎదురుచూసేవాడు. చిక్కల్లా, వాడికి నప్పిన చొక్కా ఊళ్లో పిల్లలందరికీ తొడుగుతామనడంలోనే ఉంది. ఆ మాట అంటే అప్పట్లో "అందని ద్రాక్ష" అనేవారు. ఇప్పుడు నా వయసు చూసి అనడం లేదు, మనసులో అనుకుంటున్నారు.

ఆ ఏడు దసరా సెలవులకి చిన్నత్తా నేనూ దివిసీమలో నాయనమ్మ ఊరికి వెళ్లాం. నాయనమ్మ బందరుకి మందులకోసం వచ్చి మాతోనే బస్సెక్కింది. ఆవిడ బడికి వెళ్లిన మనిషి కాదు, బైబిలు మాత్రం కూడబలుక్కుని చదివేది. పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీదకి బస్సు రాగానే కిటికీలోంచి చూపించి, "సూశావా, కింద ఏరు, పైన కాలవ. నీళ్ల మీద నీళ్లు ఎట్టా పోతన్నాయంటావే?" అని అడిగింది. నేను కిటికీలోంచి చూడలేదు. ఆవిడ మొహం చూసి, "ఎన్ని మార్కుల ప్రశ్న నాయనమ్మా?" అన్నాను.

ముందు సీటులో వాళ్లు గొల్లుమన్నారు. నాయనమ్మ కూడా, పిల్ల భలే మాటకారైంది అని మురిసిపోయింది. నేను మాటకారితనానికి అనలేదు. నాకది నిజంగా తెలియాలి. రెండు మార్కులైతే రెండు ముక్కలు చెప్పి ఊరుకోవాలి, నాలుగైతే బొమ్మ కూడా వెయ్యాలి. ఎన్నో తెలియకుండా నోరు విప్పితే టైము వృథా. బస్సులో నవ్వని మనిషి ఒక్క చిన్నత్తే. అవనిగడ్డ వచ్చేదాకా ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని బయటికే చూస్తూ కూర్చుంది.

సెలవులయ్యాక చిన్నత్త గుడివాడ వెళ్లి, నా ట్రంకుపెట్టే తన ట్రంకుపెట్టే రెండూ బస్సు మీద వేయించుకుని బందరు వచ్చేసింది. ఉద్యోగం మానేసింది. నన్ను తనే ఇంట్లో చదివిస్తానంది. ఇంట్లో ఎంత గొడవైందో చెప్పలేను. మా నాన్న జిల్లా కోర్టులో గుమాస్తా. ఆయనకి గొంతు పెద్దది కాదు గానీ వాదన పెద్దది. పెళ్లి కావలసిన పిల్ల ఉద్యోగం మానెయ్యడం ఒకటి, కూతురు బడి మానెయ్యడం ఒకటి, ఏ నేరానికి ఏ శిక్ష వెయ్యాలో ఆయనకి పాలుపోలేదు. ఎదురింటి మావయ్యగారు మా చర్చి సంఘంలో పెద్ద కూడా, ప్రార్థన చెయ్యడానికని వచ్చి సలహా చెప్పి వెళ్లారు. "అమ్మాయికి చదువు అబ్బలేదని ఒప్పుకుంటే పోయేదానికి, ఇంట్లో బడి పెట్టడం ఎందుకు బావగారూ?" అన్నారు. ఆ మాట వసారాలో ఉన్న నాకు వినబడింది. వినబడాలనే అన్నారేమో కూడా.

చివరికి నాన్న దిగొచ్చారు. కోర్టు మనిషి కాబట్టి షరతు లేకుండా దిగిరారు కదా. "ప్రైవేటుగా పదో తరగతి కట్టించు. పిల్ల తప్పిందో, ఈ ఇంట్లో నువ్వు మళ్లీ చదువు మాటెత్తకూడదు. నేను చెప్పిన సంబంధం చేసుకోవాలి, పిల్ల నేను చెప్పిన చోట ఉండాలి" అన్నారు. చిన్నత్త తొణకలేదు. "సరే అన్నయ్యా. పాసైతే మాత్రం దానికెన్ని మార్కులొచ్చాయో ఎవరూ అడగకూడదు, ఎవరికీ చెప్పకూడదు. నువ్వు కూడా" అంది. నాన్న అదేం షరతని తెల్లబోయి, తనకి నష్టం లేదు కదా అని ఒప్పుకున్నారు. పాపం, ఆ షరతు ఎంత బరువో ఆయనకి తరవాత తెలిసింది.

మా బడి వెనక వసారాలో జరిగేది. అమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సు, నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేది. అందుకని చదువంతా గుసగుసల్లోనే. ప్రపంచంలో గుసగుసలతో నడిచిన బడి మాదొక్కటేనేమో. చిన్నత్తకి కోపం వచ్చినా గుసగుసగానే తిట్టేది, అలా తిడితే భయం వెయ్యదు సరికదా, జాలేస్తుంది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. ఆవిడ నన్ను ఎన్ని ప్రశ్నలైనా అడుగుతుంది, కానీ రోజుకొక ప్రశ్న నేను ఆవిణ్ని అడగాలి. జవాబు తెలిస్తే చెప్తుంది, తెలియకపోతే ఇద్దరం వెతకాలి. ఇంత సుళువైన పని నావల్ల కాలేదు. రోజుల తరబడి వసారాలో ఉత్తినే కూర్చున్నాను. ప్రశ్నలు పుట్టే చోటు ఎండిపోయి ఉంది. చిన్నత్త తొందరపెట్టలేదు, పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకునేది.

చివరికి ఒకరోజు అడిగాను: "సాంబారు చివరివాళ్లకి పల్చగా ఎందుకుంటుంది?" చిన్నత్త నవ్వలేదు. చెంబులో నీళ్లు పోసి, గుప్పెడు ఉడికిన పప్పు కలిపి, కాసేపు ఆగి చూడమంది. పప్పు అడుక్కి దిగింది. "బరువైనది అడుక్కి దిగుతుంది. ఆ లెక్కన చివరివాళ్లకి చిక్కగా రావాలి. పల్చగా వచ్చిందంటే?" అంది. "ఎవరో నీళ్లు కలిపారు" అన్నాను. "ఊఁ. మొదటి సగం సైన్సు. రెండో సగం సోషల్" అంది. నాకు చదువు మళ్లీ మొదలైంది ఆ రోజే.

ఆ తరవాత నన్ను ఆపడం ఎవరితరం కాలేదు. బందరుకోట దగ్గర డచ్చివాళ్ల సమాధులున్నాయి కదా, వాటిమీద రోమన్ అంకెలు చదివి, పోయిన ఏడులోంచి పుట్టిన ఏడు తీసేసి, ఎవరు ఎన్నేళ్లు బతికారో లెక్క కట్టేవాళ్లం. కొన్ని రాళ్ల కింద నాకంటే చిన్నపిల్లలున్నారు. ఆ తీసివేతలు చేసి నేను ఏడ్చాను. లెక్కలు చేస్తూ ఏడవడం అంతకుముందు కూడా తెలుసు గానీ, ఇది వేరే ఏడుపు. గిలకలదిండి రేవుకి వెళ్లి సముద్రానికి పోటు ఎప్పుడొస్తుందో, ఆటు ఎప్పుడు తీస్తుందో, చంద్రుడికీ దానికీ ఏం సంబంధమో చూసేవాళ్లం. పడవలవాళ్లు మొదట్లో మమ్మల్ని చేపలు కొనడానికి వచ్చామనుకునేవారు. కొనకుండా నీళ్లకేసి చూసి వెళ్లిపోతుంటే, ఇద్దరికీ ఏదో మొక్కుబడి ఉందనుకున్నారు.

ఇదంతా వింటే ఇంటి చదువంటే పూలబాట అనుకుంటారు. కాదు. నాకు తోటి పిల్లలు లేరు. సాయంత్రం వీధిలో ఆటలకి వెళ్తే జట్టులో నన్ను చివర్న ఎంచుకునేవారు. కెమిస్ట్రీ పుస్తకంలో తప్ప పరీక్షనాళిక చూడలేదు, ఇంటర్‌లో మొదటిసారి చేతిలోకి తీసుకుని వెంటనే పగలగొట్టాను. నలుగురిలో మాట్లాడే పిల్లలు ఎక్కడ ఆగి ఎదుటివాళ్లకి చోటిస్తారో నాకు చాలాకాలం తెలియలేదు, ఇప్పటికీ తెలియదని మా ఆయన అంటారు. మా తమ్ముడి సంగతి చూడండి. నా తరవాత వాణ్ని కూడా చిన్నత్త ఇంట్లోనే చదివిస్తుందనుకున్నాం. ఆవిడ వాణ్ని మామిడికాయ తినిపిస్తూ అడిగింది. "నాకు బడే బావుంది అత్తా, అక్కడైతే క్రికెట్టుకి పదకొండుమందీ ఉంటారు" అన్నాడు. "అయితే వెళ్లు" అంది. వాడు వీధి చివర మునిసిపల్ స్కూల్లో, నలభైమంది అల్లరి మధ్య, హాయిగా చదువుకున్నాడు. అందుకే ఇల్లు గొప్పదా బడి గొప్పదా అని ఎవరైనా తగువు పెట్టుకుంటే ఏ పక్షానికీ సాక్ష్యానికి నేను రాను.

నాలుగేళ్లకి పదో తరగతి పరీక్షలొచ్చాయి, రాశాను. ఆ రోజుల్లో ఫలితాలు పేపర్లో పడేవి, హాల్‌టికెట్ నంబర్లు ఫస్టు క్లాసు, సెకండు క్లాసు వారీగా, చీమల బారులా. ఎవరింట్లో పిల్ల పరీక్ష రాసినా ఆ నంబరు వీధి మొత్తానికి కంఠతా వచ్చేది, ఎవరి పేపరు ముందొస్తే వాళ్లు వెతికి పెట్టేవారు. ఎవరికీ తెలియని నంబరు ఆ ఏడు బందరులో నాదొక్కటే. ఎదురింటి మావయ్యగారు మా అమ్మ దగ్గర ఓసారి, పాలవాడి ద్వారా ఓసారి ప్రయత్నించారు, దొరకలేదు. ఫలితాల రోజు నాన్న తెల్లారకుండానే బస్టాండుకి వెళ్లి పేపరు తెచ్చారు. వసారాలో నిలబడే వెతికారు. చిన్నత్త గుమ్మం దగ్గర నిలబడి ఆయన వేలినే చూస్తోంది. ఆవిడ పెదాలు తెల్లబడ్డాయి. ఒకవేళ నంబరు లేకపోతే పోయేది నా ఒక్క ఏడు కాదని, ఆవిడ మిగతా జీవితమని నాకు అప్పుడే తెలిసింది. నాన్న వేలు ఒకచోట ఆగింది. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, "పాసైంది" అన్నారు. ఇంకొక్క మాట అనలేదు. అనలేక ఆయన మెడ ఎర్రబడటం నేను చూశాను. చిన్నత్త పెరట్లోకి వెళ్లి, చాలాసేపు మొహం కడుక్కుంది.

అసలు గండం మార్కుల లిస్టులొచ్చాక, ఆదివారం వచ్చింది. మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. పదో తరగతి పాసైన పిల్లల్ని ఆరాధన చివర ముందుకి పిలిచి, మైకులో మార్కులు చెప్పించి, ప్రార్థన చేసి పెన్ను ఇస్తారు. మార్కులు ముందే కనుక్కుని ఆ వరసలోనే పిలుస్తారు. ఎదురింటి అబ్బాయి మొదట వెళ్లాడు. వాడు అంకె చెప్పగానే "స్తోత్రం" అని చర్చి కప్పు ఎగిరిపోయింది. ఆ తరవాత ఒక్కొక్కరే వెళ్తున్నారు, ఒక్కొక్కరికే స్తోత్రం గొంతు తగ్గుతోంది. నాకు గుడివాడ అన్నాల వరస గుర్తొచ్చింది. మార్కులు తెలియవు కాబట్టి అందరికంటే చివర నన్ను పిలిచారు. మా పాస్టరు అయ్యగారు మంచాయన, మైకు నా మొహానికి సర్ది, "చెప్పమ్మా, ఎన్ని మార్కులు?" అన్నారు.

అందరూ ముందుకి వంగారు. ఇన్నేళ్లు దాచుకున్న అనుమానానికి ఒక్క అంకె చాలు. పెద్దదైతే "అబ్బో, ఇంటి చదువు" అంటారు, చిన్నదైతే "మేం చెప్పలా" అంటారు. "అయ్యగారూ, నేను పాసయ్యానండి. మార్కులు చెప్పనండి. ఇంకేమన్నా అడగండి, చెప్తాను" అన్నాను. ఆయన అయోమయంగా సంఘం వైపు చూశారు. సంఘం ఆయన వైపు చూసింది. అంతమంది చదువుకున్నవాళ్లు, టీచర్లు, ఆఫీసర్లు, చదువుకొచ్చిన పిల్లని అడగడానికి మార్కులు తప్ప ఒక్క ప్రశ్న లేదు ఎవరి దగ్గరా! నాకు భయం పోయి నవ్వొచ్చింది. మా జబ్బు సంగతి చెప్పాను కదా.

అప్పుడు ఆడవాళ్ల వైపు చాప మీద నుంచి, ఆ ఆరాధనకని ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ గొంతు లేచింది. "పులిగడ్డ కాడ నీళ్ల మీద నీళ్లు ఎట్టా పోతన్నాయో అది సెప్పవే. ఆ రోజు బస్సులో అడిగితే సెప్పలా."

చెప్పాను. ఏటికి అడ్డం కట్టకుండా స్తంభాలు ఎలా లేపారో, వాటి మీద కాలవకి తొట్టెలాంటి దారి ఎలా కట్టారో, కాలవ ఎగువ నుంచి దిగువకి తన వాలులో తను ఎలా పోతుందో, కింద ఏరు తన పోటూ ఆటూ చూసుకుంటూ సముద్రానికి ఎలా పోతుందో, ఎవరి దారి వాళ్లకి కడితే ఒకళ్లకొకళ్లు ఎలా అడ్డం రారో, అన్నీ చెప్పాను. ఆ తరవాత రెండుసార్లు చిన్నత్తతో అక్కడికి వెళ్లి నిలబడి నేను అడిగిన ప్రశ్నలు చెప్పాను. ఏటికి వరదొస్తే ఆ స్తంభాలు ఎంత బలానికి ఆగుతాయో నాకూ మా అత్తకీ ఇంకా తెలియలేదని, తెలుసుకుంటామని కూడా చెప్పాను. ఎక్కడ ఆపాలో నాకు తెలియదని ముందే మనవి చేశాను. అయ్యగారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు. అయ్యాక నాయనమ్మ, "ఆఁ, ఇప్పుడు తెలిసింది. పెళ్లైన కాణ్ణించీ అటే తిరుగుతన్నా" అని చీర సర్దుకుని కూర్చుంది. ఎవరూ స్తోత్రం అనలేదు, మర్చిపోయారు. పెన్ను ఇచ్చారు.

బయటికొస్తుంటే గేటు దగ్గర ఎదురింటి మావయ్యగారు నాన్న చెయ్యి పట్టుకున్నారు. "అంతా బాగానే చెప్పింది గానీ బావగారూ, ఇంతకీ ఎన్నొచ్చాయండీ?" నాన్న నోరు తెరిచారు. చెప్పాలని ఆయనకి ప్రాణం కొట్టుకుపోతోంది. పక్కనే ఉన్న చెల్లెలి వైపు చూశారు. "మాటిచ్చానండీ" అని సైకిలు ఎక్కారు. ఆ రోజు నుంచి ఆయన చిన్నత్త ముందు సంబంధం మాట ఆవిడంతట ఆవిడ ఎత్తేదాకా ఎత్తలేదు. ఆవిడ ఎత్తింది కూడా, చాలా ఏళ్లకి, తనకి నచ్చినవాణ్ని తీసుకొచ్చి. అది వేరే కథ.

మీకు మాత్రం చెప్తాననుకుంటున్నారేమో, చెప్పను. నేనిప్పుడు ఏం ఉద్యోగం చేస్తున్నానో కూడా చెప్పను, చెప్తే దాన్నిబట్టి మార్కులేస్తారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం అవనిగడ్డలో ఉన్న చిన్నత్తకి ఫోను చేసి మరదలి సంగతంతా చెప్పాను. ఇంటి చదువు మంచిదని చెప్పమంటావా, వద్దని చెప్పమంటావా అని అడిగాను. అరవై దాటినా ఆవిడకి గుసగుసగా మాట్లాడే అలవాటు పోలేదు. "పిల్ల ఏమంటోంది?" అంది.

సాయంత్రం మరదలు మళ్లీ ఫోను చేసి, ఏం ఆలోచించారు వదినా అంది. ఫోను పాపకి ఇమ్మన్నాను. "బడి బావుందా అమ్మా? నీకెలా ఉంటే బావుంటుంది?" అని అడిగాను. పాప చిన్నగా, "అమ్మ పక్కనే ఉందత్తా" అంది.

"మేడ మీదికెళ్లి మాట్లాడు" అన్నాను. "నాకేం తొందర్లేదు."

మెట్లెక్కుతున్న చప్పుడు వినబడింది, తలుపు గడియ తీసిన చప్పుడు వినబడింది, ఆ తరవాత చాలాసేపు ఊపిరి మాత్రమే వినబడింది. నేను వసారాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా చిన్నత్త వెనక వసారాలో చిక్కుడుకాయల చేట ముందేసుకుని నాకోసం ఎన్ని రోజులు ఊరికే కూర్చుందో నాకు తెలుసు. మార్కులంటారా, అవి ఏ ఏటి పరీక్షలోనైనా వస్తాయి, పదకొండో ఏడు మాత్రం మనిషికి ఒక్కసారే వస్తుంది.